సముద్రంలో మూడెకరాలు

సర్వేయరు గోరి గొడుగు, రాళ్ల బస్తా, నేనూ
పొద్దున్నే ఏడింటికి వైనతేయ మొగ దగ్గరున్నాం.
ఇరవై ఆరేళ్లుగా గొలుసు అవతలి కొస నాదే.
ఎవరి గట్టు ఎవరి చేలోకి జరిగిందో
నా అరికాళ్లకి తెలుసు.

మొదట అనుకున్న చోటు ఇది కాదు.
మిలటరీ వాళ్ల రాడారు కాలవ పక్కన,
కాయ దిగే కొబ్బరితోటల్లో అన్నారు.
నెల తిరక్కుండా కాగితం మీద చుక్క జరిగింది.
ఎవరు జరిపారో ఎవరూ చెప్పరు.
కొబ్బరిచెట్లే నడిచెళ్లి
కలెక్టరాఫీసు బెంచీ మీద కూర్చున్నాయేమో.
చుక్క దక్షిణానికి దొర్లి
సరుగుడు తోపు దాటి
ఓలేటి వాళ్లు వలలు ఆరేసే మెరక మీద పడింది.

ఊరు రెండైంది.
కత్తితో కోసినట్టు కాదు,
పనసకాయ చీల్చినట్టు.
జిగురు అందరి చేతులకీ ఉంది.

రిటైరైన సుబేదారు చక్రధరం గోరు
షామియానా కింద మైకు పట్టుకుని
"దేశానికి కన్ను కావాలి, ఎక్కడో చోట పెట్టాలి కదా" అన్నారు.
"మా కంట్లోనే పెట్టాలాండీ?" అంది సంగాడి దోనమ్మ.
ఆవిడ కొడుకు నేవీలో ఉన్నాడు.
తెల్లబట్టల ఫొటో బీరువా అద్దానికి అంటించి ఉంటుంది.
"అమ్మా, నువ్వు మీటింగులో మాట్లాడకు" అని
ముందురోజు రాత్రే ఫోన్ చేశాడట.
ఆవిడ మాట్లాడింది.
ఇంటికెళ్లి, ఫొటో మీద పట్టిన ఉప్పుని
కొంగుతో తుడిచింది.

అసలు తగువు
నా చంకలో ఉన్న పటంలో ఉంది.
మా నాన్న గొలుసు పట్టిన రోజుల నాటిది.
అందులో నలభై రెండెకరాలు.
నడిచి కొలిస్తే ముప్పై ఒకటి.
మిగతాది అమావాస్యకో బెత్తెడు, తుఫానుకో బారెడు
లోపలికి పోయింది.

ఇప్పుడు ఆ పదకొండెకరాల వాళ్లు వచ్చారు
పాసుపుస్తకాలు పాలిథీన్ సంచుల్లో చుట్టుకుని.
పెన్మెత్స వారి మనవడు రాజమండ్రి నుంచి కారులో దిగాడు.
సముద్రంలో మూడెకరాలున్నాయండి ఆయనకి.
శిస్తు కట్టిన రసీదు కూడా ఉంది.
"అదిగో, ఆ నురగ దగ్గర మా సపోటా చెట్టు"
అని వేలు పెట్టి చూపించాడు.
నవ్వబోయాను.
ఆయన ఇంకా ఆ వేలు దించలేదు.

రాడారు రావాలని గట్టిగా కోరేది వీళ్లే.
మునిగిన దానికి ఎవరో ఒకరు
వెల కట్టే రోజు ఇంకోటి వస్తుందా?

నాకూ ఉంది, దాచడమెందుకు.
ముప్పై సెంట్ల డి-పట్టా.
మా అమ్మ తవ్వించిన మంచినీళ్ల నుయ్యి అందులో.
పాటు బాగా తీసిన రోజున
దాని వరలు రెండు పైకి తేలతాయి.
పిల్లలు ఎక్కి గాలాలేస్తారు.
డి-పట్టాకి ఎంతిస్తారో ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు. అడిగితే
నేనెవరి వైపో తేలిపోతుంది.

"ఏసోబూ, దిగు" అన్నారు సర్వేయరు గోరు.
కర్ర పట్టుకుని దిగాను.
మోకాళ్లు. తొడలు. మొల.
"నిటారుగా పట్టవయ్యా!"
ఒడ్డున చక్రధరం గోరు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.
పెన్మెత్స వారి మనవడు
"ఇంకా ముందుకి, ఇంకాస్త" అంటున్నాడు.
దోనమ్మ ఒక్కతే
"పోటెక్కుతోంది, వచ్చెయ్ ఏసోబూ" అని అరుస్తోంది.

కాలికి వర తగిలింది.
నాచు పట్టి జారుతోంది, అయినా గుండ్రం తెలుస్తోంది.
దాని మీద నిలబడ్డాను.
"అక్కడేముంది?" అని కేక.

"నేలేనండీ" అన్నాను.

ఆయన పుస్తకంలో రాసుకున్నారో లేదో
ఎండకి కనబడలేదు.